గోల్కొండలో అమ్మను పేరు పెట్టి పిలిచిన రోజు

హైదరాబాద్ పోయింది అమ్మ కంటి కోసం. ఒక కంటికి పొర తీసిండ్రు, రెండోది ఎట్లుందో చూస్తమన్నరు. చూసిండ్రు, చుక్కలు రాసిచ్చిండ్రు, ఇంక ఆర్నెల్ల దాకా రానక్కరలేదన్నరు. ఇంకో రెండు రోజులు ఉందామన్నది నేనే. బూర్గంపాడు రోడ్డు మీద టిఫిన్ హోటల్ పెట్టినకాడి నుంచి నేను పొయ్యి మొఖం చూడని రోజు లేదు. అంత దూరం వచ్చి రాజుల కోటలు చూడకుండ తిరిగిపోవాలంటే నా మనసు ఒప్పలేదు.

మొదటి రోజు చార్మినార్ చూసినం. అమ్మ మెడ ఎత్తి చూసి, "గింత ఎత్తున ఎవరు ఊడుస్తరే?" అన్నది. అక్కడి నుంచి నవాబుల ప్యాలెస్‌కు పోయినం. దర్బారులో పైనుంచి వేలాడే గాజు దీపాల గుత్తులు రెప్ప కొట్టకుండ చూసిన. అమ్మ మాత్రం, "ఇయ్యి తుడిచేసరికి పండుగ వెళ్ళిపోతది" అన్నది. "ఊడుసుడు, తుడుసుడు తప్ప నీ కంటికి ఇంకేం ఆనదా? టికెట్ పైసలు దండుగ!" అని కసిరిన. పక్కనున్నోళ్ళు నవ్విండ్రు. అమ్మ కూడ నవ్వింది.

గోల్కొండ మాత్రం అమ్మే అడిగింది. మా భద్రాచలం గుడి కట్టించిన తహసీల్దారును సుల్తాను బంధించిన కొట్టు ఆ కోటలనే ఉన్నది. ఆయన గోడ మీద చెక్కుకున్న రాముణ్ణి చూపు ఉండంగనే చూడాలని అమ్మ ఆశ. మావైపు నుంచి హైదరాబాద్ పోయిన పెద్దోళ్ళు ఎవరైనా అదే అడుగుతరు. వాళ్ళకు గోల్కొండ అంటే కోట కాదు, ఆ ఒక్క కొట్టే.

అమ్మకు చక్కెర జబ్బు. పొద్దున లాడ్జిలో సూది వేసిన. ఇడ్లీ పెడితే ముట్టలేదు. "సామి దర్శనం అయినంకనే తింట" అని మొండికేసింది. "అది గుడి కాదే, జైలు! జైలుకు కూడ ఒక్కపొద్దులుంటవా?" అని మొత్తుకున్న. బతిమాలితే రెండు బిస్కెట్లు నమిలింది. పులిహోర డబ్బా సంచిలో పెట్టుకుని బయల్దేరినం.

కోట దర్వాజా కింద గైడు చప్పట్లు కొట్టి చూపించిండు. కింద కొడితే పైన కొండ మీద వినపడుతదట. అమ్మకు అది నచ్చలేదు. "కొట్టినకాడ వినపడాలె గని, ఇంకో తాన వినపడుడేంది?" అని నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. కొట్టు దగ్గరికి ఎట్లనో ఎక్కించిన. చీకటి గది, గోడ మీద రాముడు, హనుమంతుడు. అమ్మ తడిమి తడిమి చూసి, అట్లనే గోడకు తల ఆనించి నిలబడ్డది. బయటికి వచ్చేసరికి రెండు మోకాళ్ళూ వణుకుతున్నయి. పైకి ఎక్కలేదు.

నేను చేసిన పాపం ఇక్కడ చెప్పుకోవాలె. అప్పుడే డబ్బా తీసి పెడితే అయిపోతుండె. స్కూలు పిల్లలు బిలబిలమంటు వచ్చిండ్రు, తినడానికి తావు లేదు. అమ్మను ఒక మెట్టు మీద నీడకు కూసోబెట్టి, "కదలకు, పది నిమిషాల్ల పైకి పోయి వస్త, వచ్చినంక తిందువు" అన్న. సంచి నా భుజానికే ఉన్నది. ఆమె ఫోన్ కూడ ఆ సంచిలనే.

పైన గాలి ఎంత బాగుందో! పట్నమంతా కాళ్ళ కింద ఉన్నట్టు కనపడ్డది. ఫోటోలు దిగిన, ఎవరో కూలిన గోడ ఎక్కుతుంటే నేనూ ఎక్కిన. అంత రాజసంగా నేను నా జన్మల ఎన్నడూ నిలబడలేదు. ఫోన్‌ల టైం చూస్తే ముప్పావు గంట దాటింది.

ఉరుక్కుంట దిగిన. మెట్టు మీద అమ్మ లేదు.

మొదలు కోపమే వచ్చింది. తర్వాత ఆమె చక్కెర జబ్బు యాదికొచ్చింది. రెండేండ్ల కింద చక్కెర పడిపోయి హోటల్లనే కూలింది అమ్మ. కండ్లు తేలేసింది, పండ్లు గిట్టకరిచినయి. ఇంకో పావుగంట ఆలస్యమైతే మనిషి దక్కకపోతుండె అని దవాఖానాల చెప్పిండ్రు. ఇప్పుడు సూది ఒంట్ల ఉన్నది, కడుపుల రెండు బిస్కెట్లున్నయి, తిండి నా భుజాన ఉన్నది.

"అమ్మా! అమ్మా!" అని పిలిచిన. పది మంది ఆడోళ్ళు ఒక్కసారే తిరిగి చూసిండ్రు. అందరూ ఎవరికో ఒకరికి అమ్మలే. ఇట్ల లాభం లేదని కోట కాపలా ఆయన దగ్గరికి ఉరికిన. పెద్దాయన, పాపం మంచోడు. "పేరు చెప్పమ్మా, పరేషాన్ కావద్దు" అని చేతిమైకులో అమ్మ పేరు పక్కన గారు పెట్టి మరీ పిలిచిండు. నేను కూడ పిలిచిన. పుట్టి బుద్ధెరిగినకాడి నుంచి నా నోటెంట మా అమ్మ పేరు రాలేదు. దవాఖానాల చీటీ రాయించేటప్పుడు కూడ మెల్లగ చెప్పేదాన్ని. ఆ రోజు గొంతు పగిలేటట్టు అరిచిన. అరిచిన ప్రతిసారీ ఆ పేరు ఏదో గోడకు తగిలి, ఎవరో పిలిచినట్టు వెనక నుంచి వచ్చింది. నా గొంతుకే నాకు ఒళ్ళు జలదరించింది.

ఎన్ని కమాన్లు, ఎన్ని సందులు! ఒక గదిల నుంచి ఇంకో గదికి పోతే మళ్ళీ అదే గది అనిపించింది. దిగుడుబావిలకు వంగి చూసిన. నీళ్ళు పచ్చగ ఉన్నయి. ఆ నీళ్ళల్ల ఏదో తెల్లగ కనపడితే ఇంకింత కిందికి వంగిన. ప్లాస్టిక్ సంచి అది. ప్రతి చీకటి గది ముందర నిలబడి ఆమె పేరు పెట్టి బతిమాలిన, కన్నీళ్ళు పెట్టుకుని పిలిచిన. సుల్తాన్లు కట్టిన గోడలన్నీ మీద పడుతున్నట్టనిపించింది. ఇంటికి ఒక్కదాన్నే ఎట్ల పోవాలె, బస్సుల పక్క సీటు ఖాళీగ పెట్టుకుని ఎట్ల కూసోవాలె, అదే ఆలోచన.

గంటన్నర అయింది. రాణుల మహల్ వెనక, గబ్బిలాల కంపు కొట్టే ఒక కమాను ముందర కూలబడ్డ. ఆడికి అప్పటికే రెండుసార్లు వచ్చి, పిలిచి పోయిన. ఇంక ఏడుపు కూడ రాలేదు. కోపం వచ్చింది, ఎక్కడలేని కోపం.

"యాడ సచ్చినవే ముసల్దానా! కదలకు అంటే కదులుతవా? తినవే అంటే తినవు! ఇంటికి రా, నీ సంగతి చెప్త! మళ్ళీ నిన్ను గడప దాటిస్తే నా చెప్పుతోటి నన్ను కొట్టు!"

లోపల చీకట్ల గాజుల చప్పుడైంది. "ఇక్కడున్న బిడ్డా" అన్నది అమ్మ.

కొంగు నోట్ల కుక్కుకుని, గోడమూలకు ముడుచుకుని కూసున్నది. ఒళ్ళంతా చెమట. చేతులు ఆగకుండ వణుకుతున్నయి. సంచిల చక్కెర పొట్లం తీసి నోట్ల పోసిన, నీళ్ళు తాగించిన, పులిహోర ముద్దలు చేసి పెట్టిన. నాలుగు ముద్దలు పోయినంక కండ్లు నిలిచినయి. అప్పుడు నా ప్రాణం లేచి వచ్చింది.

"రెండుసార్లు ఇక్కడే నిలబడి పిలిస్తినే! వినపడలేదా?"

"వినపడ్డది."

"మరి పలకవేంది?"

అమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. అప్పుడు చెప్పింది. స్కూలు పిల్లలు తోసుకుంటుంటే నీడ కోసం పక్కకు జరిగి, దారి తప్పింది. ఇంతల పేరు పెట్టి పిలుపు మొదలైంది, మనిషి కనపడకుండ, ఒకసారి ముందర నుంచి, ఒకసారి వెనక నుంచి. పడుచులో తునికాకు కోయబోయినప్పుడు అడవిల వాళ్ళకు ఒక కట్టడి ఉండేదట. ఒకరినొకరు కూ కొట్టి పిలుచుకోవాలె గని పేరు తియ్యొద్దు. అడవిల పేరు పెట్టి పిలిచేది మనిషి కాదు, మనకు తెలిసినోళ్ళ గొంతు పెట్టుకుని వస్తది. పలికితే తీసుకపోతది. వినపడితే నోరు మూసుకుని కదలకుండ కూసోవాలె.

"నా గొంతు కూడ గుర్తుపట్టలేదా?" అన్న.

"పట్టిన. నీ గొంతే. అందుకే ఇంకా భయమైంది. కన్నబిడ్డ తల్లిని పేరు పెట్టి పిలుస్తదా?" అని, నీళ్ళు ఇంకొక గుక్క తాగి, "పైగ ఏడ్సుకుంట, బతిమాలుకుంట, అంత మెత్తగ పిలిస్తివి. నువ్వు నాతోటి అట్ల ఎన్నడు మాట్లాడినవ్? నువ్వు కాదనే అనుకున్న. తిట్టినంక తెలిసింది, నా బిడ్డే అని."

ఆ మాట అన్నప్పుడు ఆమె మొఖంల కోపం లేదు, దెప్పిపొడుపు లేదు. మెతుకులు కొంగుకు తుడుచుకుంట ఉన్న ముచ్చట చెప్పింది. నేను డబ్బా మూత పెట్టబోతే అది పట్టలేదు, మూడుసార్లు పెట్టిన.

మధ్యాహ్నం బస్సు ఎక్కినం. కిటికీ పక్క ఆమెను కూసోబెట్టి, దుప్పటి కప్పిన. నోరు తెరిస్తే ఏం వస్తదో నాకే తెల్వలేదు. నలభై ఏండ్ల నుంచి ఆమెతోటి ఏమేం మాట్లాడిన్నో గుర్తు చేసుకుంట, ముందరి సీటు కమ్మీ పట్టుకుని ఊకున్న. పట్నం దాటింది, సూర్యాపేట కూడ దాటింది. అమ్మ రెండుసార్లు నా మొఖంలకు తొంగి చూసింది. ఆఖరికి నా చెయ్యి పట్టి గుంజింది.

"ఏమన్నా అనవే బిడ్డా," అన్నది, "భయమైతంది."