ఐస్ మీద అక్షింతలు

ముందే ఒప్పేసుకుంటే ఒక పనైపోతుంది. మెల్‌బోర్న్‌లో ఒక ఆదివారం ఐస్ స్కేటింగ్ పోటీ ఇరవై నిమిషాలు ఆగిపోయింది. అందులో సగం తప్పు మా ఆంటీది, సగం నాది. ఆంటీని అడిగితే ఆవిడ సగం కూడా నా నెత్తినే రుద్దుతుంది, నమ్మకండి.

అప్పుడు నేను యూనివర్సిటీలో రెండో ఏడాది. తెనాలి నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడిన ఈ ఆంటీ ఇంట్లో గది తీసుకుని ఉండేదాన్ని. నాది చీరాల. వంకాయ కూరలో అల్లం వెయ్యాలా వద్దా అని మా ఇద్దరికీ రోజూ ఒక యుద్ధం. శని, ఆదివారాలు ఐస్ రింకులో స్కేటింగ్ బూట్లు అద్దెకిచ్చే కౌంటర్‌లో పనిచేసేదాన్ని. జనం విప్పిన బూట్లు తీసుకోవడం, వాసన పోవడానికి లోపల మందు కొట్టడం, తడి నేల తుడవడం. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో పార్ట్ టైమ్ అని చెప్పేదాన్ని.

ఆ కౌంటర్ దగ్గరే ఒక జపాన్ అమ్మాయి పరిచయమైంది. మా యూనియే, నాకంటే ఒక ఏడాది చిన్న. ఆమెకు అద్దె బూట్లు అక్కర్లేదు, సొంతవి ఉన్నాయి. కావాల్సింది గది. మా ఇంట్లో ఒకటి ఖాళీగా ఉందని నేనే వెంటబెట్టుకుని తీసుకొచ్చాను. గుమ్మంలో ఆంటీని చూడగానే వాళ్ళ పద్ధతిలో నడుం దాకా వంగి నమస్కారం పెట్టింది. ఎదురుగా వంగిన తల కనిపిస్తే ఆంటీ ఊరుకోదు. చెయ్యి నెత్తిన పెట్టి, "దీర్ఘసుమంగళీ భవ" అనేసింది.

"ఆ అమ్మాయికి ఇంకా పెళ్ళి కాలేదు ఆంటీ," అన్నాను.

"అవుద్దిగా. అడ్వాన్స్‌గా ఉంచుకోమను," అంది ఆంటీ.

ఆ పిల్ల ఐదో ఏట నుంచీ స్కేటింగ్ చేస్తోంది. జపాన్‌లో ఎన్నో పోటీల్లో పాల్గొంది. ఎప్పుడు చూసినా పదకొండో స్థానం, పద్నాలుగో స్థానం. "మా ఊళ్ళో బస్సెక్కితే నాకంటే బాగా స్కేట్ చేసేవాళ్ళు ముగ్గురుంటారు," అనేది నవ్వకుండా. చదువుకని ఇక్కడికొచ్చాక, ఇక్కడ పోటీకి వచ్చేవాళ్ళు తక్కువ కదా అని మళ్ళీ ఆశ పుట్టింది. తండ్రి దానికో షరతు పెట్టాడు. ఈ ఒక్క సీజనే. రాష్ట్ర పోటీలో మొదటి ముగ్గురిలో ఉంటే జాతీయ పోటీకి పంపుతారు, అప్పుడు ఇంకో ఏడాది ఆడుకో. లేకపోతే బూట్లు అటకెక్కించి బుద్ధిగా చదువుకో. ఆమె సరేనని మాటిచ్చింది. మాటిచ్చి తప్పే రకం కాదు. నేనైతే తప్పేదాన్ని.

మొదటి ముగ్గురిలో ఉండాలంటే ఒక గెంతు కుదరాలి. ముందుకు జారుతూ ఎగిరి, గాల్లో రెండున్నర చుట్లు తిరిగి, ఒంటికాలి మీద వెనక్కి దిగాలి. ప్రాక్టీసులో పదిసార్లు ఎగిరితే నాలుగుసార్లు నిలబడేది. పోటీలో మాత్రం ఒక్కసారీ నిలబడలేదు. పోటీ అనేసరికి చేతులు చల్లబడిపోయి, ముఖంలో చుక్క రక్తం ఉండేది కాదు. రోజూ తెల్లవారుజామునే ట్రామెక్కి వెళ్ళి, పడి, కమిలిన తుంటితో కుంటుకుంటూ వచ్చేది. ఆంటీ వేడినీళ్ళ కాపడం పెడుతూ గొణిగేది.

"పిట్టకు పెట్టినంత తిని ఎగిరితే కళ్ళు తిరక్క ఏమవుద్ది? ఏదీ, నోరు తెరువు."

ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ కలిపి ముద్దలు పెట్టేది. ఆ పిల్ల కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా కాదనడం మర్యాద కాదని కిక్కురుమనకుండా మింగేది. రెండు నెలలు తిరిగేసరికి పోటీ డ్రెస్ జిప్పు పట్టలేదు. కుట్లు విప్పి వదులు చేసింది కూడా ఆంటీయే.

పోటీ ఇంకో వారం ఉందనగా నాకు అసైన్‌మెంట్ గడువు ముంచుకొచ్చింది. ల్యాప్‌టాప్ ముందు జుట్టు పీక్కుంటూ కూర్చుంటే ఆంటీ ఫోన్ పట్టుకుని పక్కన చేరింది. అందులో ఏదో స్కేటింగ్ వీడియో.

"ఏమే, జనం ఐస్ మీదికి ఏందో విసురుతున్నారు?"

"పూలు, బొమ్మలు ఆంటీ. అది వాళ్ళ ఆశీర్వాదం అనుకోండి."

"మనమూ వెయ్యొచ్చా?"

"భేషుగ్గా వెయ్యొచ్చు. అందరూ వేస్తారు."

"ఎప్పుడెయ్యాలి?"

"టైమ్ వస్తే మీకే తెలుస్తుందిలే ఆంటీ, నన్ను రాసుకోనివ్వండి," అన్నాను తలెత్తకుండా.

ఆటంతా అయ్యాక వెయ్యాలి అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? బద్ధకించాను. నాకు ఓపిక తక్కువ, ఇది మా అమ్మ కూడా చెబుతుంది.

పోటీ రోజు కౌంటర్‌కు సెలవు పెట్టి ఆంటీతో పాటు మొదటి వరుసలో కూర్చున్నాను. మాకూ ఐస్‌కూ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే. ఆంటీ పట్టుచీర కట్టి, దాని మీద పరుపులాంటి జాకెట్ తొడిగి, నెత్తిన ఊలు టోపీ పెట్టింది. బ్యాగులోంచి స్టీలు డబ్బా తీసి మూత తెరిచింది. నిండా పసుపు అక్షింతలు. ముందు రోజు అంకుల్‌ని కారు తియ్యమని తరిమి, ఊరవతల కేరమ్ డౌన్స్ గుడికి వెళ్ళి స్వామి దగ్గర పెట్టించుకుని మరీ వచ్చిందట. నేను చూస్తుండగానే లేచి, పెళ్ళి పందిట్లో పంచినట్టు వరుసంతా పంచేసింది. చిప్స్ తింటున్న ఇద్దరు తెల్ల ముసలమ్మలకు తలో గుప్పెడు పోసి, "ఓన్లీ బ్లెస్సింగ్. నో ఈటింగ్," అని హెచ్చరించింది కూడా. వాళ్ళు బుద్ధిగా తలూపారు. నా గుప్పిట్లోనూ పోసింది.

ఐస్ మీద చిన్న హెయిర్‌పిన్ను పడినా స్కేట్ తగులుకుని మనిషి బోర్లా పడుతుందని రింకులో పనిచేసే నాకు తెలియదా? తెలుసు. ఆట అయ్యాక ఆమె బయటికొస్తుంది, అప్పుడు నెత్తిన వేద్దాం ఆంటీ అని చెప్పబోయాను. సరిగ్గా అప్పుడే మైకులో ఆ పిల్ల పేరు పిలిచారు. వచ్చి సరిగ్గా మా ఎదురుగా, నాలుగడుగుల దూరంలో, చేతులు చాచి నిలబడింది. వేళ్ళు వణుకుతున్నాయి. ఆ వేళ్ళనే చూస్తూ ఆంటీకి చెప్పడం మర్చిపోయాను.

ఆమె స్కేట్ చేసే పాట మేమెప్పుడూ వినలేదు. ఇంట్లో చెవుల్లో పెట్టుకుని వినేది. ఏ పియానోనో అయి ఉంటుందనుకున్నాను. కాదు. వాళ్ళ దేశపు పెద్ద డోళ్ళు, పది పదిహేను, ఒక్కసారిగా మోగాయి. అచ్చం గట్టిమేళం.

గట్టిమేళం మోగితే తెలుగువాళ్ళ చెయ్యి ఆగుతుందా? ఆంటీ చెయ్యి లేచింది. ఆంటీని చూసి ముసలమ్మల చేతులు లేచాయి. వరుసంతా లేచింది. పసుపు బియ్యం జల్లున వెళ్ళి ఆ పిల్ల నెత్తి మీద, భుజాల మీద, చుట్టూ ఐస్ మీద పడ్డాయి. ఆగండి ఆంటీ అని అరుద్దామని తిరిగాను. అప్పుడు చూసుకున్నాను, నా గుప్పిట కూడా ఖాళీ.

రెఫరీ విజిల్ ఊదింది. పాట ఆగింది. పాపం ఆ ముసలమ్మల్లో ఒకావిడ మాత్రం చప్పట్లు కొట్టింది.

మా మేనేజరు నన్ను గుర్తుపట్టి బకెట్టు చేతికిచ్చాడు. సెలవు పెట్టినా తప్పలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క గింజా ఏరడం మొదలుపెట్టాను. నెయ్యి రాసిన బియ్యం ఐస్‌కు అతుక్కుని గోళ్ళకు కూడా రావడం లేదు. సిగ్గుతో తల కొట్టేసినట్టుంది. ఆమె పద్నాలుగేళ్ళు పడ్డ కష్టం మీద నేను బియ్యం పోశాను. ఆమె ముఖం చూసే ధైర్యం లేక వంగి ఏరుతున్నాను. ఇంతలో పక్కన ఇంకో జత మోకాళ్ళు కనిపించాయి. ఆమే. అంత మెరుపుల డ్రెస్‌లోనూ కూర్చుని గింజలేరుతోంది. రెఫరీ వద్దన్నా వినలేదు.

"ఇది పప్పన్నం బియ్యమేనా?" అని అడిగింది.

"కాదు, బాస్మతి. నీ కోసం ఖరీదైనవే వాడింది," అన్నాను ఏడుపుగొంతుతో.

ఆమెకు నవ్వు ఆగలేదు. పోటీ ముందు ఆమె నవ్వడం నేను చూడడం అదే మొదలు. బకెట్టులో గింజ వేస్తుంటే చూశాను, వేళ్ళు వణకడం లేదు.

రెఫరీ ఐస్ అంతా చూసి, సరేనని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టమంది. ఆంటీ ఈసారి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. డోళ్ళు మోగాయి. ఆ పిల్ల రింకు అవతలికి జారి వెళ్ళి, తిరిగి వస్తూ ఎగిరింది. రెండున్నర చుట్లు. దిగింది. ఒంటికాలి మీద, పీట మీద కూర్చున్నంత నిమ్మళంగా దిగింది. ఆంటీ నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందంటే రెండు రోజులు పెన్ను పట్టుకోలేకపోయాను.

ఆ వెంటనే, ఏమీ లేనిచోట, చిన్నపిల్లలు కూడా చేసే మామూలు మలుపు దగ్గర, కాలు జారి పడింది.

లేచింది, చివరిదాకా చేసింది. కానీ ఆ ఒక్కసారి పడ్డందుకు మార్కులు పోయాయి. నాలుగో స్థానం. మూడో అమ్మాయికీ ఆమెకూ వెంట్రుకవాసి తేడా. నేను ఐస్ మీదికి వెళ్ళి ఆమె పడిన చోట వంగి వెతికాను. గింజ లేదు. మళ్ళీ వెతికాను. లేదు.

బట్టలు మార్చుకునే గది బయట ఆమె తండ్రికి ఫోన్ చేసి, రెండు మాటలు మాట్లాడి పెట్టేసింది. ఆంటీ అప్పటికే ఏడుస్తోంది.

"నా చేత్తో నేనే నీ కొంప ముంచానమ్మా."

"గింజ కాదు ఆంటీ," అంది ఆ పిల్ల, మెల్లగా, తనకొచ్చిన ఇంగ్లీషులో. "ఆ గెంతు కుదిరేసరికి సంతోషమేసింది. తర్వాత ఏం చెయ్యాలో మర్చిపోయాను." ఫోన్ బ్యాగులో పడేసి, "అందరూ ఆట అయ్యాక విసురుతారు ఆంటీ. బాగా చేస్తేనే విసురుతారు. నాకెప్పుడూ ఎవరూ ఏమీ విసరలేదు. మీరు నేను మొదలుపెట్టకముందే వేశారు," అంది.

ఆంటీ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ నిజంగానే అర్థం కానట్టు చూసింది.

"అయ్యాక ఏసుకుని ఏం చేసుకుంటారమ్మా? ముందే గదా కావాల్సింది."

ఆ పిల్ల మొదటి రోజు మా గుమ్మంలో వంగినట్టు, నడుం దాకా వంగింది. వంగి అలాగే ఉండిపోయింది, భుజాలు కదులుతున్నాయి. ఆంటీ స్టీలు డబ్బా తెరిచింది. అడుగున ఇంకో రెండు గుప్పెళ్ళు మిగిలాయి. ఒకటి ఆవిడ తీసుకుని, ఇంకోటి నాకిచ్చింది. ఈసారి డోళ్ళు లేవు, ఏమీ లేవు. ఇద్దరం ఆ తల మీద వేశాం.

నేల తుడవాల్సింది ఎలాగూ నేనేనని వెళ్ళి చీపురు తెచ్చుకున్నాను. అవసరం రాలేదు. పోటీ కోసం జెల్లు పూసి దువ్వుకున్న జుట్టు, గింజ కూడా కింద పడలేదు.