ఉమారాణి చేసిన ఆలోచన

గుఢియారీ కూరల బజారులో ఉమారాణి బేరానికి దిగిందంటే అమ్మేవాళ్లు ముందే ఓ మెట్టు దిగేవారు. విజయనగరంలో బీఏ చదివి, కొండలరావును కట్టుకుని రాయపూర్ వచ్చిన కొత్తలో మంచినీళ్లు కావాలన్నా చేత్తో సైగ చేసిన మనిషి, పద్దెనిమిదేళ్లలో ఆటోవాళ్లతో హిందీలో తగువులాడి గెలిచే దాకా వచ్చింది. ఆ మాత్రం గర్వం ఉంటే తప్పేముంది చెప్పండి?

కొండలరావు పనిచేసే రోలింగు మిల్లు మూతపడ్డాక ఇద్దరూ ఆయన అన్నగారు దుర్గారావు ఇంటి వెనకగదిలో చేరారు. దుర్గారావు రైల్వేలో రిటైరై కట్టుకున్న ఇల్లది. పిల్లాజెల్లా లేనివాళ్లు కాబట్టి ఎలాగోలా సర్దుకున్నారు. ఇంతలో దుర్గారావు కొడుక్కి పెళ్లి కుదిరింది. గది కావాలని తోటికోడలు నవ్వుతూనే చెప్పింది. నవ్వుతూ చెప్పినా గది గదే, ఖాళీ చేయాల్సిందే.

అప్పుడే అభన్‌పూర్‌లో ఒక ఆడపిల్లల హాస్టలుకి వార్డెను కావాలని ప్రకటన పడింది. ప్రహరీ పక్కనే క్వార్టరు, కుటుంబంతో ఉండొచ్చట. మా దగ్గరే ఎందుకు పనిచేయాలనుకుంటున్నారో సొంత దస్తూరీతో హిందీలో ఉత్తరం రాసి దరఖాస్తుకి జతచేయమన్నారు. ఆ క్వార్టరు తప్ప ఉమారాణికి ఇంకేమీ కనబడలేదు.

ఫోనులో బోలెడు ఉత్తరాలుంటాయి, ఒకటి చూసి దింపెయ్యమన్నాడు కొండలరావు. ఎదురింటి లహరి, రాయపూర్‌లోనే పుట్టి కాలేజీలో చదువుతున్న పిల్ల, తను రాసిపెడతానంది. ఉమారాణి ససేమిరా అంది. అందరూ రాసే ఉత్తరమే తనూ రాస్తే తనని ఎందుకు పిలుస్తారు? బస్సెక్కి అభన్‌పూర్ వెళ్లి, హాస్టలు చుట్టూ తిరిగి, గేటు దగ్గర పిల్లలతో కబుర్లాడి మరీ వచ్చింది. బతిమాలకుండా, డప్పు కొట్టుకోకుండా తను చూసిందీ చేయగలిగిందీ రాసింది. నిజం చెప్పాలంటే చక్కటి ఉత్తరం.

అయితే బజారు హిందీ పెద్దవాళ్ల ముందు పెట్టడానికి మొహం చెల్లలేదు. పెద్దమాటలు కావాలి. మన పెద్దమాటలూ వాళ్ల పెద్దమాటలూ ఒకటే కదా, అంతా సంస్కృతమే కదా అనుకుంది మహాతల్లి. మీ సంస్థ గురించి చాలా రోజులుగా ఆలోచిస్తున్నాను అని చెప్పడానికి మొదట ‘సోచ్ రహీ హూఁ’ అని రాసి, చౌకబారుగా ఉందని కొట్టేసి, ‘ఆలోచనా కర్ రహీ హూఁ’ అని గుండ్రంగా దిద్దింది. ఆ మాట కింద గీత కూడా గీసింది.

ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఎదురుగా కూర్చున్న మేడమ్ ఉత్తరం మీద వేలు పెట్టి, మీ ఆలోచన ఏమిటో కాస్త వివరంగా చెప్పమంది. ఉమారాణి పొంగిపోయింది. స్నానాల గదులకి గడియలు లేవనీ, ఆరేసిన బట్టలు రోడ్డు మీదికి కనిపిస్తున్నాయనీ, చిన్నపిల్లలు అన్నం సరిపోక పెద్దపిల్లల కంచాల్లోకి చూస్తున్నారనీ, తనొస్తే ఇవన్నీ సరిచేస్తాననీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మేడమ్ ఉత్తరం మడిచి, ఇక వెళ్లొచ్చంది. ఇంటికొచ్చి ఉద్యోగం వచ్చేసినట్టే అని మొగుడితో చెప్పింది. పిచ్చి మనిషి, గిన్నెలు కూడా సర్దడం మొదలుపెట్టింది.

కబురు రాకపోయేసరికి తనే ఫోను చేసింది. చేరకముందే ఆలోచన చేసేవాళ్లు మాకు అక్కర్లేదని ఆఫీసు మనిషి ఫోను పెట్టేశాడు. ఏమీ అంతుబట్టక లహరిని పిలిచి, ఫోనులో ఫొటో తీసి ఉంచుకున్న ఉత్తరం చూపించింది.

లహరి చదివి, కింద గీత ఉన్న మాటని వేళ్లతో పెద్దది చేసింది.

“పిన్నీ, హిందీలో ఆలోచనా అంటే మనం అనుకునేది కాదు. తప్పులు పట్టడం, బురాయీ చేయడం. మీ సంస్థని ఎన్నో రోజుల్నుంచీ విమర్శిస్తున్నానని రాశావు.”

“నానేటీ తప్పు పట్టలేదే. మంచికే రాసినాను.”

“నాకు తెలుసు పిన్నీ. సోచ్ అనే ఉంచేసి ఉంటే సరిపోయేది.”

ఉమారాణి ఏడవలేదు. ఆ పూట అన్నం మాత్రం ముట్టలేదు. వచ్చిన మాట కొట్టేసి రాని మాట పెట్టుకున్నానే అని లోపల్లోపల కుమిలిపోయింది. అడిగిందే తడవుగా ఆ తప్పులన్నీ ఏకరువు పెట్టడం గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ తర్వాత ఏ హిందీ మాట నోటికొచ్చినా అనుమానమే. ఇది వాళ్లదా, మనదా? కూరలవాడు ఏం కావాలని అడిగితే వేలు చూపించి ఊరుకునేది. లహరి ఇంకో రెండు ప్రకటనలు తెచ్చింది. తనే రాసిపెడతానని బతిమాలింది కూడా. పిలిస్తే వెళ్లి మాట్లాడాల్సింది నేనే కదమ్మా అని ఉమారాణి ఆ కాగితాలు వెనక్కిచ్చేసింది.

పెళ్లి దగ్గరపడింది. కొండలరావు రైలుపట్టాల అవతల ఒక రేకుల గది వెతికాడు. ఇంటామె గుమ్మంలో నిలబడి, ఎంతమంది ఉంటారు, ఏం పని చేస్తారు అని వరసగా ఉమారాణినే అడుగుతోంది. ఉమారాణి కొండలరావు వెనక్కి జరిగింది.

“మీరే చెప్పండి,” అంది తెలుగులో. “నాకు హిందీ రాదు.”