నాన్న చూసిన గులాబీ ఆకు

హెచ్‌డీ టీవీలు కొత్తగా వస్తున్న రోజులవి. నేను డిగ్రీ చదువుతున్నాను. కడియం నర్సరీలో మొక్కలకు అంట్లు కట్టే మా నాన్న, టీవీ కొందామని నన్ను రాజమండ్రి తీసుకెళ్లారు. షోరూములో పక్కపక్కనే ఉన్న రెండు టీవీల్లో ఒకే గులాబీతోట కనిపిస్తోంది. నాన్న ఒకదాని దగ్గరకెళ్లి, తోటలో అలవాటు కొద్దీ, తెరమీది ఆకును బొటనవేలితో రుద్దారు.

"చెయ్యి పెట్టకండి! మరకలు పడతాయి" అని సేల్స్‌మన్ అరిచాడు. షోరూములో అందరూ తిరిగి చూసి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయనెవరో తెలియనట్టు ఫ్రిజ్‌ల వెనక్కి జరిగిపోయాను.

నాన్న మాత్రం తొణకలేదు. "ఈ మొక్కకి ఆకురసం పీల్చే నల్లి పట్టిందండి. ఆకు మీద సన్నటి తెల్లచుక్కలు చూడండి. ఆ పక్క టీవీలో ఆకంతా పచ్చగానే ఉంది, జబ్బు కనపడట్లేదు. ఇదే మంచిదండి" అన్నారు.

సేల్స్‌మన్ వంగి రెండూ చూశాడు. "నిజమేనండీ! రోజూ చూస్తున్నా నాకే తెలియలేదు" అన్నాడు.

అప్పుడు నాన్న నాకోసం చుట్టూ వెతికి, "అక్కడున్నావేంటమ్మా? రా, ఇది తీసుకుందాం" అన్నారు.

ఎందుకు పక్కకెళ్లావని ఆయన ఏనాడూ అడగలేదు. ఆకు మీది చుక్కను పట్టేసిన మనిషికి, అది మాత్రం కనపడకుండా ఉంటుందా?