బావ చెరకు తోట దగ్గర వెలిగిన లైటు

ఏడాదిగా బాన్సువాడలో మా మేడ మీద రాగి తీగ చుడుతున్నాను. గాలిలో తిరిగే రేడియో తరంగాలను యాంటెనాతో పట్టి, వాటి ఫ్రీక్వెన్సీకి సరిగ్గా కలిసేలా తీగచుట్టను కుదిర్చి, ఒక్క చిన్న ఎల్‌ఈడీ బల్బు వెలిగించాలని నా పంతం. అది వెలగదు.

బీర్కూర్‌లో ఉండే మా బావ నా దగ్గర చూసి వెళ్లి, చెరకు తోట పక్కన తీగ లాగి మొదటి రోజే వెలిగించాడని అక్క ఫోన్ చేసింది. నాకు అన్నం సయించలేదు. తెల్లారే బస్సెక్కాను.

బల్బు నిజంగానే వెలుగుతోంది. కానీ ఆగి ఆగి మిణుకుమంటోంది. అడవి పందులు రాకుండా తోటకు కట్టిన కరెంటు కంచె కూడా అలాగే ఆగి ఆగి కొడుతుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"బావా, జర కంచె మిషన్ బంద్ చెయ్యి."

చేశాడు. బల్బు ఆరిపోయింది.

"గది రేడియో కాదు, నీ కంచె కరెంటే," అన్నాను, సంతోషం దాచుకోకుండా.

బావ ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు. "మంచిగైంది బామ్మర్ది. ఇగ కంచె నడుస్తుందో లేదో మంచంల పండుకొనే చూడొచ్చు," అంటూ మళ్లీ మిషన్ వేశాడు.

అక్క చాయ్ చేతికిచ్చి అడిగింది. "మరి నీది ఎలిగిందా తమ్మీ?"