తీసివేత చోట కూడిక

అమీర్‌పేటలో ఎటు చూసినా జావా నేర్పుతామనే బోర్డులే ఉన్న రోజులవి. నేను మాత్రం గణితంలో పరిశోధన చేస్తూ మా అన్న ఇంట్లో ఉండేదాన్ని. ఊళ్లో మగ్గాలు మూతపడ్డాక అన్న ఇక్కడికొచ్చి టైలరు దుకాణం పెట్టుకున్నాడు. చెల్లెలు ఏం చదువుతోందని అడిగితే, జీన్స్ మీద లెక్కలు చేస్తోందని చెప్పేవాడు. అంటే జన్యువులు. అడిగినవాళ్లు ప్యాంట్లనుకునేవారు.

కొన్ని జన్యువులు నేరుగా మేలూ చేయవు, కీడూ చేయవు. వేరే జన్యువుల తీరును మారుస్తాయి, అంతే. అలాంటిదొకటి, కలిసి ఉంటే మేలు చేసే రెండు జన్యువులు తరం మారేటప్పుడు ఎంత తరచుగా విడిపోవాలో నిర్ణయిస్తుందనుకుందాం. ఆ విడిపోవడాన్ని పెంచే కొత్త రకం పుడితే జనాభాలో నిలుస్తుందా, పోతుందా? నేను తీసుకున్న నమూనాలో అది పోవాలి. ఆ సంగతి పుస్తకాల్లోనే ఉంది. నా ప్రోగ్రాములో మాత్రం అది నిలవడమే కాదు, జనాభా అంతటా వ్యాపించింది. ఎన్నిసార్లు నడిపినా అంతే. మా గైడు గారు సంబరపడి మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక హాల్లో సెమినార్ పెట్టించారు.

ఆ రోజు అన్న దుకాణం మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో బస్సెక్కాడు. వద్దనలేకపోయాను.

ప్రొజెక్టరు మీద ఒక్కో షీటు పెడుతూ బాగానే మొదలుపెట్టాను. సగంలో ముందు వరుసలోని పెద్ద ప్రొఫెసర్ గారు చెయ్యెత్తారు.

"ఇందాకటి షీటు మళ్లీ పెట్టమ్మా."

పెట్టాను. ఆయన తెర దగ్గరికి వచ్చి ఒక సమీకరణం మీద వేలు పెట్టారు.

"జంటలు విడిపోతే వాటి వాటా తగ్గాలి కదా. ఇక్కడ కూడిక ఎందుకుంది?"

తీసివేత ఉండాలి. ప్రోగ్రాములోనూ కూడికే రాశానని నిలబడ్డచోటే గుర్తొచ్చింది. నేను కనుక్కున్నదంతా ఆ ఒక్క గుర్తే. గైడు గారు కిటికీ వైపు తిరిగారు. ఎవరూ నవ్వలేదు, నవ్వినా బాగుండేదనిపించింది.

మర్నాడు దుకాణంలో అన్న మాత్రం, నా చెల్లె ఇంగ్లీషుల మస్తుగా మాట్లాడిందని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. చొక్కా కొలతలివ్వడానికొచ్చిన కోచింగ్ పిల్లలు నన్ను చూసి కంగ్రాట్స్ అన్నారు. తలెత్తలేక లోపలికి వెళ్లిపోయాను. గిరాకీ తగ్గాక అన్నతో చెప్పాను.

"అన్నా, నా లెక్క తప్పయింది."

కత్తెర ఆపకుండానే అన్నాడు. "నాకు గాడనే తెల్సింది. గా సారు వేలు వెట్టంగనే నువ్వు ఆగిపోయినవ్. మరి వీళ్లకేం జెప్పాలె?"

గుర్తు మార్చి మళ్లీ నడిపితే కొత్త రకం ప్రతిసారీ అంతరించింది. నెల తర్వాత గైడు గారు అదే హాల్లో ఇంకోసారి మాట్లాడించారు. అన్న మళ్లీ వచ్చాడు. కొత్త సంగతేమీ లేదు. పుస్తకాల్లో ఉన్నదే ఇంకో దారిలో చూపించాను. ప్రొఫెసర్ గారు తలూపారు. నేను షీట్ల మీద నుంచి చూపు తిప్పలేదు.

అందరూ బయటికి వస్తుండగా, మెట్ల దగ్గర అన్న పెద్దగా అడిగాడు. "ఇయ్యాల తప్పు లేదు గద?"

ముందు నడుస్తున్న ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. లేదన్నా అన్నాను. చెవులు కాలిపోయాయి.