సంఘం ముందుకొచ్చిన అరమార్కు

నోటికి మాటనూ మనసుకు నవ్వునూ ఇచ్చిన దేవునికి ముందుగా స్తోత్రం. నా తెలివి నన్ను ఏ గోతి దగ్గరికి లాక్కెళ్లినా, ఆ గట్టున ఎవరో ఒకరిని నిలబెట్టి వెనక్కి లాగించిన ఆయన కృపకు మరీ స్తోత్రం.

ఆ రోజుల్లో ఒక విషయం మీద గొంతు చించుకుని వాదించాలంటే దాన్ని కళ్లతో చూసి ఉండాలన్న నియమమేమీ లేదు. పంతొమ్మిది వందల ఎనభైల మాట. జగ్గయ్యపేటలో మిషన్ బడికి కొత్తగా వచ్చిన మేష్టరిని నేను, ఆదివారాలు మందిరంలో హార్మోనియం వాయించేవాణ్ణి. నా పక్కన డోలక్ వాయించేది చెక్‌పోస్ట్ బావ. (అప్పటికింకా బావ కాదు, కాబోయే బావ.) ఆయన సొంతూరు నందిగామ, ఉద్యోగం గరికపాడు చెక్‌పోస్టులో గుమాస్తాగా, మకాం మా పేటలో. తండ్రి లేడు గనక ఇంటికి పెద్ద ఆయనే. ఆయన చెల్లెలికీ నాకూ సంబంధం కుదిరింది. క్రిస్మస్ వెళ్లగానే ప్రధానం, అంటే నిశ్చితార్థం, పెట్టుకుందామనుకున్నారు. ఆ అమ్మాయిని నేను చూసింది ఒక్కసారే. అదీ ఆమె పళ్లెంలో తెచ్చిన కాఫీ గ్లాసు వైపు చూస్తూ.

మా ఇద్దరినీ కలిపింది పై దేశాల కార్ల పందాల పిచ్చి. గ్రంథాలయానికి వచ్చే ఇంగ్లీషు పేపర్లో, ఆటల పేజీ అడుగున నాలుగు వరుసలు పడేవి. అవి చదువుకుని వారమంతా పోట్లాడుకునేవాళ్లం. పందెం కారు ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలియదు. ఒకసారి బొమ్మ వేశారు గాని సిరా అలుక్కుపోయి, కారుకు ముందేదో వెనకేదో పోల్చుకోలేకపోయాం. మామూలు కారు నేనెక్కింది కూడా ఒక్కసారే. రైస్‌మిల్లు వారు వాళ్ల అంబాసిడర్‌ను తొయ్యడానికి పిలిచి, అది కదిలాక జాలిపడి ఎక్కించుకున్నారు. అయినా ఆ కార్ల టైర్ల గురించి మేం మాట్లాడుతుంటే గ్రంథాలయం మెట్ల మీద జనం నిలబడి వినేవారు.

"అంత డబ్బు గుమ్మరించి కారు చేయించుకున్నోడు గెలిస్తే అందులో గొప్పేముందండీ? గెలిచింది డబ్బు" అనేవాణ్ణి నేను. "డబ్బూ దేవుడిచ్చిందే మేష్టారూ. నీ హార్మోనియం మీ నాన్న కొనిచ్చిందేగా? అట్లాగని మందిరంలో పాట మీ నాన్న వాయిస్తన్నాడా?" అనేవాడు బావ.

ఆ ఏడు ఒక పందెం వానలో మొదలై, వాన ముదిరి సగంలో ఆగిపోయింది. ఆగేటప్పటికి ముందున్నది నా అభిమాన వీరుడు. గెలిచినవాడికి తొమ్మిది మార్కులు రావాలి. సగం పందెమేగా అని నాలుగున్నర చేతిలో పెట్టారు. తీరా ఏడాది చివర కూడితే, బావ మెచ్చినాయన అరమార్కు తేడాతో ఛాంపియనయ్యాడు. మావాడికి నిండు మార్కులిచ్చి ఉంటే కిరీటం మావాడిదే! ఆ పేపరు చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

"ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే డబ్బు, ఒకే రకం కారు. ఇంక అన్యాయం ఎక్కడుంది?" అన్నాడు బావ.

"వానలో ఉంది బావగారూ."

"వాన దేవుడిది."

"మార్కులు కోసింది దేవుడు కాదుగా!"

మెట్ల మీద జనం నవ్వారు. బావ ముఖం ఎర్రబడింది. "సగం ఆటకి సగం మార్కులని ముందే రాసిపెట్టుకున్న రూలది. రూలే ఒప్పుకోనోడు రేపు సంసారంలో దేనికి ఒప్పుకుంటాడు? ప్రధానం సంగతి మళ్లీ ఆలోచించుకోవాలి మేము" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

'సరే బావగారూ, మీరన్నదే రైటు' అంటే అయిపోయేది. ఆ మాట గొంతు దాటలేదు. అందుకని ప్రభువు నేర్పిన క్రమం పట్టుకున్నాను. సహోదరుడితో పేచీ వస్తే ముందు ఒంటరిగా వెళ్లి చెప్పాలి. వినకపోతే ఒకరిద్దరు సాక్షులను తీసుకెళ్లాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. సంఘం మాటా వినకపోతే అతన్ని సుంకరిలా, అంటే పన్నులు వసూలుచేసే పరాయివాడిలా, ఎంచుకోవాలి. (మా బావ ఉద్యోగరీత్యా అప్పటికే సుంకరి గనక, ఆ ఆఖరి మెట్టు దగ్గర ఏం చెయ్యాలో మాత్రం నాకు తోచలేదు.)

ఒంటరిగా చెప్పడానికి బస్సెక్కి గరికపాడు వెళ్లాను. బావ బల్ల ముందు నిలబడి వాన గురించీ న్యాయం గురించీ మొదలుపెట్టాను. నా వెనక లారీలు బారులు తీరాయి. కోదాడ వైపు డ్రైవరొకాయన నా భుజం తట్టి, "తమ్మీ, మీ పంచాయితీ తర్వాత. ముందు నా కాయితం మీద ముద్దర పడనియ్యి" అన్నాడు. బావ ముద్ర కొట్టి, తలెత్తకుండానే "డ్యూటీలో ఉన్నా, పోవయ్యా" అన్నాడు. తర్వాత సాక్షిగా మా బాబాయిని తీసుకెళ్లాను. ఆయన బావ గదిలో టీ తాగుతూ ఇద్దరి మాటా శ్రద్ధగా విని, "అబ్బాయ్, నీదే తప్పు" అని తీర్పు చెప్పాడు. ఇక సంఘమే దిక్కు.

ఆ ఆదివారం నందిగామ నుంచి బావ వాళ్ల అమ్మా చెల్లెలూ కూడా వచ్చి ఉన్నారు. ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు మమ్మల్నిద్దరినీ ముందు నిలబెట్టి, "ఏంటి నాయనా మీ మధ్య?" అన్నారు. పెళ్లి పేచీ అనుకుని అందరూ చెవులు రిక్కించారు. నేను వానతో మొదలుపెట్టి అరమార్కు దాకా చెప్పాను. సంఘ పెద్ద తాత కళ్లజోడు సర్దుకుని, "ఆ బండ్లోళ్లు మన సంఘస్తులేనా?" అన్నాడు.

"కాదు తాతా."

"మరి మనకెందుకురా?"

నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి చిల్లకల్లు పెద్దమ్మ లేచింది. కలుపుతీతకు ఆడకూలీలను వెంటబెట్టుకెళ్లే మనిషి ఆమె. "అయ్యగారూ, వానొచ్చి ఆగిపోతే ఆ పిల్లోడికి సగమే ఇచ్చారా? మొన్న మిరపచేలో మాకూ అంతేనండి. మజ్జాన్నం వానొస్తే గోనెపట్టాలు కప్పుకుని సాయంత్రం దాకా గట్టు మీద కూకున్నాం. సగం కూలి చేతులో పెట్టారు. ఆ వానని మేం పిలిచామా?"

"సగం పనికి నిండు కూలి ఎక్కడుందమ్మా?" అన్నాడు రెండెకరాల పెద్ద ఒకాయన. "పొద్దుగూకే ముందొచ్చినోడికీ నిండు కూలి ఇచ్చిన ద్రాక్షతోట ఆసామి సంగతి చెప్పింది మన ప్రభువే కదయ్యా!" అంది పెద్దమ్మ. నియమం తప్పినవాడికి కిరీటం లేదన్నాడు కదా పౌలు, అన్నాడాయన. చాపల మీది జనం రెండు పక్షాలైపోయారు. "పెద్దమ్మ అన్నదే నేనూ అంటున్నా!" అని అరిచాను గాని వినే నాథుడు లేడు. కార్లు ఎటుపోయాయో ఎవరికీ పట్టలేదు. చివరికి అయ్యగారు, మన సంఘస్తుల చేలల్లో మధ్యాహ్నం దాటాక వానొస్తే నిండు కూలి ఇవ్వాలని చెప్పి చేతులెత్తమన్నారు. ఒక్కొక్కటే లేచాయి. పెద్దమ్మ బావ వైపు తిరిగి, "నందిగామలో మీకూ మిరపచేనుందిగా బాబూ, చెయ్యి లేవదేం?" అంది. బావ చెయ్యెత్తాడు.

"అయితే నా మాట ఒప్పుకున్నట్టేగా!" అన్నాను.

"కూలి ఒప్పుకున్నా. మార్కులు ఒప్పుకోలా. నీ ప్రధానం కూడా ఒప్పుకోలా."

నా కాళ్ల కింద చాప జారినట్టయింది. అప్పుడు ఆడవాళ్లలోంచి ఒక గొంతు వినిపించింది. అంతవరకు నేనెన్నడూ వినని గొంతు. "అన్నయ్యా, ఆయనకి నిండు మార్కులు వెయ్యబుద్ధి కాకపోతే సగమే వెయ్యి. పాస్ మాత్రం చెయ్యి."

మందిరం గొల్లుమంది. తాత నవ్వీ నవ్వీ కళ్లజోడు తీసేశాడు. బావ ఆపుకోవాలని చూశాడు గాని ఆయన వల్ల కాలేదు. నవ్వు తగ్గకముందే అయ్యగారు ప్రధానానికి రోజు చెప్పేశారు. (నిండు కూలి మాట అందరూ నిలబెట్టుకున్నారని చెప్పను. నిలబెట్టుకోని వాళ్లకు మాత్రం ఆదివారం పెద్దమ్మ ఎదురుగా కూర్చోవడం కష్టమైంది.)

ఇప్పుడా పందాలు రంగుల్లో ఇంట్లోకే వస్తున్నాయి. మనవడు రూళ్లన్నీ విడమర్చి చెబుతుంటే మూడో చుట్టుకే నాకు కునుకు పడుతుంది. చూడని కార్ల కోసం పెళ్లినే పందెం పెట్టిన ఆ కుర్ర మేష్టరిని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ఈర్ష్యగానూ ఉంటుంది. బావకు వచ్చే వారం మోకాలి ఆపరేషన్. "ఆసుపత్రిలో ఆ గొడవ ఎత్తకండి" అని మా ఆవిడ ఇప్పటికే మాట తీసుకుంది. సరేనన్నాను. చదువుతున్న మీరూ ఒక్క నిమిషం నాతో కలిసి కళ్లు మూసుకోండి. ప్రభువా, మా బావ కాలిని బాగుచేసి క్షేమంగా ఇంటికి చేర్చు. ఇంటికొచ్చాక ఎత్తకూడదని మా ఆవిడ అనలేదు. ఆమేన్.