రత్నమ్మక్క తిన్న ముద్దలు

ఈ ఉదయం గుంటూరులో ఆటో దిగుతుంటే మిరపకాయల లారీ ఒకటి పక్కనుంచి వెళ్ళింది. ఆ ఘాటుకు దగ్గొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎదురుగా కొట్లో ప్రేమికుల రోజని గులాబీలు, ఎర్రటి గుండె బొమ్మలు వేలాడదీశారు. నాకు మాత్రం రత్నమ్మక్క గుర్తొచ్చి, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒళ్ళు మండింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పెళ్ళయి మార్టూరు వెళ్ళినప్పుడు ఆవిడ మా పక్క వాటాలో ఉండేది. మిరప కళ్ళాల్లో తెల్లబారిన తాలుకాయలు ఏరే పనికి వెళ్ళేది. భర్త ఏసుదాసు గ్రానైటు పాలిషింగ్ పనివాడు. మిరప కాలమంతా సాయంత్రానికి ఆవిడ చేతులు మంటెత్తిపోయేవి. ఆముదం రాసుకున్నా కూర తగిలితే ప్రాణం పోయేది. అందుకని ఏసుదాసే అన్నం కలిపి ముద్దలు పెట్టేవాడు. అదీ అరుగు మీద, అందరూ చూస్తుండగానే. ఆవిడ సిగ్గుపడకపోగా, "ఉప్పు చాల్లేదు, కాస్త పచ్చడి కలుపు" అని పురమాయించేది. కిటికీలోంచి చూస్తున్న నాకు కడుపు రగిలిపోయేది.

ఆ ఏడు ప్రేమికుల రోజున మా ఆయన చీరాల నుంచి గ్రీటింగ్ కార్డు తెచ్చాడు. తెరిస్తే సంగీతం వస్తుంది. "మా ఆఫీసులో అందరూ కొన్నారు" అన్నాడు. చేతిలో కార్డు మోగుతూనే ఉంది, అరుగు మీద రత్నమ్మక్క తింటూనే ఉంది. కార్డు మూసి పక్కన పడేశాను. నాకు కావలసింది ఆ ముద్ద.

మర్నాడు మా ఆయనకు చెప్పకుండా రత్నమ్మక్కతో కళ్ళానికి వెళ్ళాను. "నీకేం ఖర్మే సరళా, చేతులు మండిపోతాయి" అంటున్నా వినలేదు. ఆముదం ఇస్తే వద్దన్నాను. సాయంత్రం కంచం ముందు కూర్చుని, ఎర్రబడ్డ చేతులు ఆయనకు కనపడేలా ఒళ్ళో పెట్టుకున్నాను. మండుతున్నాయని కూడా అన్నాను. ఆయన కంగారుగా లేచి వంటింట్లోకి వెళ్ళి చెంచా తెచ్చిచ్చాడు.

పెరట్లో ఏడుస్తుంటే రత్నమ్మక్క వచ్చింది. సంగతి విని పడీపడీ నవ్వింది.

"మీ ఆయన తప్పేముందే? నోరు తెరిచి అడిగావా?"

"అడిగి పెట్టించుకుంటే అదేం ప్రేమక్కా?"

"మా ఆయన మాత్రం పుట్టుకతోనే నేర్చుకొచ్చాడా? మొదటేడు ఆకలికి తట్టుకోలేక నేనే పెట్టమన్నా. మొహం మాడ్చుకునే పెట్టాడు. మర్నాటి నుంచి నేను అడగలేదు, ఆయన మానలేదు."

లోపలికి వెళ్ళి అడిగాను. మా ఆయన ముందు వీధి తలుపు వేసొచ్చాడు. తర్వాత కలిపి పెట్టాడు. ముద్ద మరీ పెద్దదైపోయి మింగుడు పడలేదు. అయినా తిన్నాను.

నా మనసులో ఉన్నది ఎదుటివాళ్ళే కనిపెట్టాలని మూతి ముడుచుకుని కూర్చోవడం ఆ రోజుతో మానేశాను. అది రత్నమ్మక్క నేర్పిందే. ఈ కాపురంలో నాకేది కావాలన్నా అడిగాను, ఆయన ఎన్నడూ కాదనలేదు. జ్వరమొస్తే ముద్ద పెట్టమంటాను, పెడతాడు. అయినా ఆవిడ మీద అసూయ పోలేదు. ఆవిడ ఒక్కసారే అడిగింది. నేను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.